ఆపరేషనైన మూడు నెలలకి కడుపునొప్పా? గ్యాసని ఊరుకోకండి!



మన ఇళ్ళల్లో కడుపునొప్పికి ఉన్నన్ని వైద్యాలు ఇంక దేనికీ ఉండవు. వాము నమలమని అత్తగారు, మజ్జిగలో ఇంగువ వేసుకు తాగమని అమ్మ, సోడా తెప్పించమని మామగారు, రాత్రికి కాస్త ఆముదం పడితే తెల్లారేసరికి అంతా సర్దుకుంటుందని పక్కింటి బామ్మగారు... తలా ఒకటి చెప్తారు. చాలాసార్లు నొప్పి తగ్గిపోతుంది కూడా. కాదనను. కానీ వాముకీ, సోడాకీ లొంగని నొప్పి ఒకటుంది. హెర్నియా ఆపరేషనైపోయి, కుట్లు మానిపోయి, ఇంటిల్లిపాదీ ఆ సంగతి మర్చిపోయిన తర్వాత తీరిగ్గా మొదలవుతుందది. ఈ వారం దాని గురించే చెప్పుకుందాం.

ముందుగా ఒక మాట. ఇది అరుదుగా వచ్చే చిక్కు. హెర్నియా ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళలో చాలామంది సుఖంగా తమ పనులు తాము చేసుకుంటున్నారు. కాబట్టి భయపడిపోయి, చేయించుకోవాల్సిన ఆపరేషన్ మానుకోవద్దు. అరుదు కాబట్టే ఎవరికీ చప్పున తట్టదు. తట్టదు కాబట్టే తెలుసుకుని ఉండాలి.

హెర్నియా మగవాళ్ళకేనా?

పొట్ట గోడలో బలహీనంగా ఉన్నచోట నుంచి లోపలి కొవ్వో, పేగో బయటికి తోసుకొచ్చి చర్మం కింద ఉబ్బుగా కనబడటమే హెర్నియా. దగ్గినా, తుమ్మినా, నీళ్ళబిందె ఎత్తినా ఆ ఉబ్బు పెద్దదవుతుంది. వెల్లకిలా పడుకుంటే లోపలికి పోతుంది. గజ్జల్లో వచ్చే రకం మగవాళ్ళలోనే ఎక్కువ. అందుకని ఇదేదో మగవాళ్ళ జబ్బని మనలో చాలామందికి నమ్మకం.

మనకీ వస్తుందండీ! బొడ్డు దగ్గర రావచ్చు. సిజేరియన్ లాంటి పాత కోత ఉన్నచోట రావచ్చు. తొడ మొదట్లో వచ్చే ఫిమోరల్ హెర్నియా అయితే మగవాళ్ళకంటే ఆడవాళ్ళకే ఎక్కువ వస్తుంది. చూడటానికి ఉసిరికాయంత ఉంటుంది, ఏదో గడ్డలే అనుకుంటాం. పైగా ఆ చోటు డాక్టరుకి చూపించాలంటే సిగ్గు. కానీ అక్కడ దారి చాలా ఇరుకు. పేగు గనక అందులోకి వచ్చిందంటే ఇరుక్కుపోయే ప్రమాదం మిగతా వాటికంటే ఎక్కువ. అందుకే ఆడవాళ్ళకి గజ్జల్లో హెర్నియా ఉంటే "చూద్దాంలే" అని వాయిదా వెయ్యకూడదని 2018లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా చెప్తున్నాయి.

ఉంగరం బిగిసిన వేలు

ఇరుక్కోవడమంటే ఏమిటో చెప్తాను. వేలికి ఉంగరం బిగుసుకుపోయినప్పుడు ఏమవుతుంది? ముందు వేలు వాస్తుంది. వాచేకొద్దీ ఉంగరం ఇంకా బిగుస్తుంది. కాసేపటికి వేలు కమిలి నీలంగా మారుతుంది. పేగు సంగతీ అంతే. ఇరుకు సందులో చిక్కుకున్న పేగు వాచి, దానికి రక్తం అందడం తగ్గిపోతుంది. అప్పటిదాకా లోపలికి పోతూ వస్తూ ఉన్న ఉబ్బు రాయిలా గట్టిపడి, ముట్టుకోనివ్వనంత నొప్పి పెడుతుంది. వాంతులవుతాయి. ఇంక ఇంట్లో ఒక్క గంట కూడా ఆగకూడదు. అర్ధరాత్రైనా సరే, 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్ళాల్సిందే.

అక్కడ సర్జన్‌గారు ఆ బిగుతు విడిపించి పేగుని బయటికి తీసి చూస్తారు. గోరువెచ్చని సెలైన్లో తడిపిన గుడ్డలు కప్పి కాసేపు ఆగుతారు. నల్లబడిన పేగు మళ్ళీ ఎర్రబారి, నాడి ఆడి, కదలిక వచ్చిందంటే అది బతికినట్టే. దాన్ని జాగ్రత్తగా లోపల పెట్టి కుట్టేస్తారు. రంగు తిరగకపోతే పాడైన ముక్క కోసేసి, రెండు కొసలూ కలిపి కుడతారు. బతికే పేగుని అనవసరంగా కొయ్యకూడదు గదా! ప్రపంచమంతటా సర్జన్లు చేసే పద్ధతే ఇది.

పైకి నిగనిగ, లోపల పుచ్చు

మరి చిక్కెక్కడంటే... పేగు గోడ ఒకే పొర కాదు. అన్నింటికంటే లోపలుండే మెత్తటి పొరకి రక్తం అందకపోతే అది అస్సలు ఓర్చుకోలేదు. మిగతా పొరలకంటే ముందే అది దెబ్బతింటుంది. బయటి పొర మాత్రం రక్తం అందగానే తేరుకుంటుంది. బజార్లో నిగనిగలాడే వంకాయ తెచ్చి, కోసి చూస్తే లోపల పుచ్చు ఉన్నట్టన్నమాట. వంకాయనైతే కోసి చూస్తాం. బతికున్న పేగుని కోసి చూడరు కదా!

లోపల అలా దెబ్బతిన్న చోట పుండు పడుతుంది. ఆ పుండు నెమ్మదిగా మానుతుంది. మానడం మంచిదేగా అంటారేమో! నూనె పడి చెయ్యి బాగా కాలినప్పుడు చూడండి, పుండు మానేటప్పుడు చర్మం గట్టిపడి, ముడుచుకుపోయి, దగ్గరికి లాగేస్తుంది. లోపల పేగులోనూ అదే జరుగుతుంది. గుండ్రటి గొట్టం చుట్టూ మచ్చ కట్టి, అది ముడుచుకుంటూ వస్తే గొట్టం ఏమవుతుంది? రోజురోజుకీ ఇరుకవుతుంది. ఇదంతా ఒక్కరోజులో అయ్యేది కాదు గనక ఆపరేషనైన కొన్ని వారాలకో, నెలలకో గానీ తెలియదు. ఇంకా ఆలస్యంగా బయటపడటమూ ఉంది.

స్విట్జర్లాండ్‌లో పుట్టిన కార్ల్ గారే అనే సర్జన్ 1892లోనే దీని గురించి రాశారు. అందుకే డాక్టర్లు ఇప్పటికీ దీన్ని "గారే స్టెనోసిస్" అంటారు. స్టెనోసిస్ అంటే ఇరుకవడం. ఆయన పేరు వింటే నాకు మన మినప గారెలే గుర్తొచ్చాయి, అందుకే మర్చిపోలేదు. మీరూ అలాగే గుర్తుపెట్టుకోండి. చుట్టూ మందంగా, నడుమ చిన్న చిల్లు! లోపల పేగు తయారయ్యేదీ ఇంచుమించు అలాగే.

మా పిన్ని సంగతి

ఇలాంటిదే మా పిన్నికి జరిగింది. అరవై దాటిన మనిషి. గజ్జల్లో గడ్డ ఉన్నట్టుండి గట్టిపడి వాంతులు పట్టుకుంటే రాత్రికి రాత్రి ఆపరేషన్ చేశారు. బాగానే ఇంటికొచ్చింది. నెలన్నర హాయిగా తిరిగింది.

రెండో నెల దాటాక మొదలైంది. అన్నం తిన్న గంటకి బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు నొప్పి. కడుపులో గుడగుడలు పక్కగదిలోకి వినబడేవి. కాసేపటికి ఒక్కసారి బుడబుడమని ఏదో జారినట్టై నొప్పి పోయేది. దాంతో "గ్యాసే" అని అందరూ తేల్చేశారు. తింటే నొప్పొస్తోందని ఆవిడ తినడం తగ్గించేసింది. మూడు ముద్దలు కాస్తా రెండయ్యాయి, రెండు ఒకటైంది. జాకెట్లన్నీ వదులైపోయాయి. పేరంటానికి వస్తే "ఆపరేషనయ్యాక నాజూగ్గా తయారయ్యావే!" అని మెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

చూపించకపోలేదు. పుల్లతేన్పుల మాత్రలు వాడారు. ఎండోస్కోపీ చేస్తే బాగానే ఉందన్నారు. నోట్లోంచి వేసే ఆ గొట్టం జీర్ణాశయాన్నీ, చిన్నపేగు మొదలునీ చూస్తుంది, అంతే. చిన్నపేగు చాలా పొడుగు కాబట్టి మిగతా భాగం దానికి అందదు. మా పిన్నికి ఇరుకైంది ఆ అందనిచోటే.

చివరికి ఇంకో సర్జన్ దగ్గర కూర్చున్నప్పుడు ఆయన అడిగారు, "ఎప్పుడైనా కడుపు ఆపరేషనైందా అమ్మా?" అని. పిన్ని తడుముకోకుండా, "లేదండీ, గజ్జల్లో గడ్డకి చేశారంతే" అంది. చూశారా! గజ్జల్లో కోశారు కాబట్టి అది కడుపు ఆపరేషన్ కాదని ఆవిడ లెక్క. అంతకుముందు అడిగిన వాళ్ళకీ అదే చెప్పిందట. ఈయన మాత్రం వదల్లేదు. "ఆ కాగితాలున్నాయా?" అన్నారు. బీరువాలో పట్టుచీరల కింద దొరికింది డిశ్చార్జి కాగితం. అందులో ఉంది, ఇరుక్కున్న పేగు నల్లబడిందనీ, రంగు తిరిగాక లోపల పెట్టామనీ. సి.టి. స్కాన్ తీస్తే చిన్నపేగు ఒకచోట సన్నగా, దానికి పైభాగం ఉబ్బి ఉన్నట్టు కనిపించింది. ఆ ఇరుకైన ముక్క తీసేసి కొసలు కలిపి కుట్టారు. తీసిన ముక్కని పరీక్షకి పంపితే క్షయ లేదు, క్యాన్సర్ లేదు, మానిన పుండు మచ్చేనని వచ్చింది.

ఎలా గుర్తుపట్టాలి?

సింకు గొట్టంలో సగం పూడుకుపోయిందనుకోండి. నీళ్ళు పోతాయి, కానీ మెతుకులు పడితే ఆగిపోతుంది. ఇక్కడా అంతే. జావ, మజ్జిగ దిగుతాయి. కూరముక్క, పీచు తగులుకుంటాయి. వాటిని ఆ ఇరుకులోంచి నెట్టడానికి పైనున్న పేగు బలంగా ముడుచుకుంటుంది. మెలిపెట్టే నొప్పి అదే. హెర్నియా ఆపరేషనైన వాళ్ళకి, ముఖ్యంగా పేగు ఇరుక్కుని అర్జెంటుగా చేయించుకున్న వాళ్ళకి, ఈ కిందివాటిలో ఏవైనా కనిపిస్తే డాక్టరుకి చెప్పాలి.

• తిన్న గంట రెండు గంటలకి మెలిపెట్టే నొప్పి రావడం, గుడగుడమని చప్పుడయ్యాక తగ్గడం, మళ్ళీ తిన్నాక రావడం.
• తిన్నాక పొట్ట ఉబ్బరం, వికారం, అప్పుడప్పుడు వాంతి.
• గట్టి పదార్థం తింటే నొప్పి ఎక్కువ, పల్చటిది తాగితే తక్కువ.
• తిండికి భయపడటం, కారణం లేకుండా చిక్కిపోవడం.
• కొన్నాళ్ళు మలబద్ధకం, కొన్నాళ్ళు నీళ్ళవిరేచనాలు. విరేచనం అవుతోంది గదా, పేగు బాగానే ఉందనుకోవద్దు. ఇరుకులోంచి నీళ్ళు జారిపోవచ్చు.

ఇక నొప్పి విడవకుండా ఉన్నా, వాంతులు ఆగకపోయినా, వాంతి పచ్చగా లేక దుర్వాసనతో వస్తున్నా, పొట్ట బిర్రబిగిసి గాలి కూడా పోకపోయినా, జ్వరమొచ్చినా అది మర్నాటిదాకా ఆగే విషయం కాదు. నోటికేమీ ఇవ్వకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

అన్ని నొప్పులూ ఇదే అనుకోవడమూ తప్పే. ఆపరేషనయ్యాక పేగులు ఒకదానికొకటి అతుక్కుని అడ్డు రావచ్చు. హెర్నియా మళ్ళీ రావచ్చు. మన దేశంలో పేగు ఇరుకైందంటే డాక్టర్లు ముందుగా పేగు క్షయని అనుమానిస్తారు. అది సబబే, మన దగ్గర ఆ జబ్బు ఎక్కువ మరి. క్షయకైతే నెలల తరబడి మాత్రలు వాడాలి. గారే చెప్పిన మచ్చ మాత్రం మాత్రలకి కరగదు. పాత ఆపరేషన్ సంగతి మనం చెప్తేనే ఏది ఏమిటో వాళ్ళు తేల్చగలుగుతారు. స్కాన్, అవసరమైతే బేరియం మందు తాగించి తీసే ఎక్స్‌రే, వీటితో ఇరుకు ఎక్కడుందో చూస్తారు. ఆపరేషన్‌తో ఆ ముక్క తీసేస్తే మామూలుగా తేరుకుంటారు. చాలాచోట్ల ఇప్పుడు చిన్న చిన్న రంధ్రాలతోనే చేస్తున్నారు. ఖర్చు గురించి దిగులుంటే ఆస్పత్రిలో చేరేముందే ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుందేమో అడిగి తెలుసుకోండి.

ఇంట్లో చెయ్యకూడనివి

ఆముదం వద్దు. సునాముఖి, ఇంకా ఏ విరేచనాల మందూ వద్దు. ముందు దారి మూసుకుపోతుంటే వెనకనుంచి తోసినట్టవుతుంది. ఇసబ్‌గోల్ మంచిదేగా అంటారు, మామూలు మలబద్ధకానికి మంచిదే. కానీ అది నీళ్ళలో ఉబ్బుతుంది, ఇరుకైన పేగులో అదే అడ్డం పడొచ్చు. పొట్ట తోమించడం, సొంతంగా ఎనిమా ఇవ్వడం కూడదు. నొప్పి మాత్రలు మింగి పైకి తెలియకుండా చేసుకుంటే జబ్బు లోపల ముదురుతుంది.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. గట్టిపడి నొప్పిపెడుతున్న హెర్నియాని ఎవరిచేతనో నొక్కించి లోపలికి తోయించకండి. దెబ్బతిన్న పేగు అలాగే లోపలికి పోయి కనబడకుండా ఉంటుంది. ఆపరేషన్ లేకుండా అలా సర్దుకున్న వాళ్ళకి కూడా తర్వాత ఇదే ఇరుకు రావచ్చు.

మరి వంట మాటేమిటి?

వంటపేజీలో కలిసే మనం తిండి సంగతి చెప్పుకోకపోతే ఎలా! అయితే తిండితో ఈ ఇరుకు విప్పుకోదు. డాక్టరు తేల్చేదాకా కాస్త సుఖంగా దిగడానికే ఈ జాగ్రత్త.

పీచున్నవి పక్కన పెట్టండి. మునక్కాడ, గోరుచిక్కుడు, అరటిదూట, తోటకూర కాడలు, గోంగూర, పచ్చికొబ్బరి, మొక్కజొన్న, గింజల జామకాయ, పీచుమామిడి, తొనల మీది పొర తియ్యని బత్తాయి లాంటివన్నమాట. మామూలు రోజుల్లో ఇవన్నీ ఒంటికి మంచివే, ఇప్పుడు మాత్రం కాదు. మెత్తటి అన్నం, చారు, మజ్జిగ, ఇడ్లీ, చెక్కూ గింజా తీసి మెత్తగా ఉడికించిన సొరకాయ, మెత్తగా మెదిపిన బంగాళాదుంప, బాగా పండిన అరటిపండు సరిపడతాయి. ఒకేసారి కంచం నిండా పెట్టకుండా కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టండి. బాగా నమలమనండి.

ఒక జావ చెప్తాను. పావు గ్లాసు బియ్యం, గుప్పెడు పొట్టులేని పెసరపప్పు కడిగి అరగంట నాననివ్వండి. ఐదు గ్లాసుల నీళ్ళు పోసి కుక్కర్లో ఆరేడు కూతలు రానివ్వండి. దింపి పప్పుగుత్తితో బాగా ఎనిపి, చిల్లుల జల్లెడలో వెయ్యండి. ఉప్పు, చిటికెడు జీలకర్ర పొడి, చెంచాడు నెయ్యి కలిపి గోరువెచ్చగా ఇవ్వండి. పోపులో ఆవాలు, కరివేపాకు, ఎండుమిర్చి వెయ్యకండి. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఉప్పు, అన్నం కొలత డాక్టర్ని అడిగి చేసుకోవాలి. వాంతులవుతూ పొట్ట బిగిసి ఉన్న మనిషికి ఈ జావ కూడా పట్టకూడదు సుమా!

ఒక్క కాగితం

ఇంతకీ ఈ వారం నేను అడిగేది ఒక్కటే. మీ ఇంట్లో ఎవరికి హెర్నియా ఆపరేషనైనా, ఇంటికొచ్చేముందు సర్జన్‌గారిని మొహమాటపడకుండా నాలుగు ప్రశ్నలు అడగండి. పేగు ఇరుక్కుందా? నల్లబడిందా? కోసి కలిపారా, అలాగే లోపల పెట్టారా? జాలీ వేశారా? జవాబులు డిశ్చార్జి కాగితంలో ఉన్నాయో లేదో చూసుకోండి. కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసుకోండి, అసలుది రేషన్ కార్డు దాచినంత భద్రంగా దాచండి. తర్వాత ఎప్పుడు కడుపునొప్పని ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ఆయన అడిగినా అడక్కపోయినా, "ఫలానా నెలలో హెర్నియా ఆపరేషనైందండీ, అప్పుడు పేగు ఇరుక్కుంది" అని మొదటిమాటగా చెప్పండి. గజ్జల్లో చేసినా, బొడ్డు దగ్గర చేసినా చెప్పాల్సిందే.

ఇంట్లో ఎవరు ఎంత తిన్నారో, ఎవరు ముద్ద వదిలేశారో మనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మరి మన కంచంలో ముద్ద తగ్గితే చూసేదెవరు? అందరికీ వడ్డించి ఆఖర్న కూర్చుంటాం గనక ఎవరికీ కనబడదు. కాబట్టి మన నొప్పి మనమే నోరువిప్పి చెప్పాలి. వంట ఒకపూట ఎవరైనా చేస్తారు, లేకపోతే పచ్చడి మెతుకులతో గడుస్తుంది. డాక్టరు దగ్గరికి మాత్రం వాయిదా వెయ్యకండి.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. ఉంటాను మరి!